నెలలు నిండకముందే నొప్పులొస్తే: గర్భిణి, ఇంట్లోవాళ్ళు ముందే చేసి పెట్టుకోవాల్సిన పనులు

గర్భం వచ్చిందని తెలియగానే ఆశా కార్యకర్త గానీ ఏఎన్ఎమ్ గానీ అడిగే మొదటి ప్రశ్న, "ఆఖరుసారి నెలసరి ఎప్పుడొచ్చిందమ్మా?" అని. శ్రీకాకుళం, విజయనగరం వైపు చాలామంది తేదీ చెప్పరు, పండగ చెప్తారు. "సిరిమానోత్సవం అయిన నాలుగు రోజులకి", "వినాయక చవితి ముందు ఆదివారం". అలా చెప్పినా పరవాలేదు, క్యాలెండర్ తీసి తేదీ పట్టుకోవచ్చు. "ఏమో, రెండు మూడు నెలలై ఉంటుంది" అంటేనే చిక్కు. బిడ్డ ముందే పుడుతోందా, ఎంత ముందు, ఆ సమయానికి ఏ మందు ఇవ్వాలి, ఏ ఆసుపత్రికి పంపాలి అన్న లెక్కంతా ఆ ఒక్క తేదీ మీదే నడుస్తుంది.

37 వారాలు పూర్తికాకుండా పుట్టిన బిడ్డను నెలలు నిండని బిడ్డ అంటారు. 2020లో ప్రపంచం మొత్తం మీద ఇలా పుట్టినవాళ్ళు 1.34 కోట్ల మందని అంచనా. అందులో దాదాపు 30 లక్షల మంది మన దేశంలోనే పుట్టారు. వీటన్నిటినీ ఆపలేం. ఎంత జాగ్రత్తగా ఉన్నవాళ్ళకైనా కారణం దొరక్కుండానే నొప్పులు రావచ్చు. అందుకని పని రెండు రకాలు: ఆపగలిగినవి ఆపడం, ఆగకపోతే బిడ్డ కడుపులో ఉండగానే సరైన ఆసుపత్రికి చేరడం. రెండోదాని గురించి ఇళ్ళల్లో మాట్లాడుకునేది తక్కువ. చాలామంది బిడ్డల ప్రాణం నిలబడేది మాత్రం అక్కడే.

నెలలు కాదు, వారాలు లెక్కపెట్టండి

ఆఖరి నెలసరి మొదలైన రోజుకు 9 నెలల 7 రోజులు కలిపితే కాన్పు తేదీ వస్తుంది. ఉదాహరణకు జూన్ 10న నెలసరి వచ్చిందనుకోండి, కాన్పు తేదీ మార్చి 17. అక్కడి నుంచి వెనక్కి లెక్కవేసి క్యాలెండర్ మీద నాలుగు గుర్తులు పెట్టండి. నవంబర్ 25కి 24 వారాలు, డిసెంబర్ 23కి 28, ఫిబ్రవరి 3కి 34, ఫిబ్రవరి 24కి 37 నిండుతాయి. ఆ క్యాలెండర్ వంటింటి గోడకే ఉండాలి. అర్ధరాత్రి నొప్పి వస్తే అత్తగారైనా, మరిదైనా చూసి "ఇవాళ్టికి 31 వారాలు" అని 108 వాళ్ళకు చెప్పగలగాలి. "ఎనిమిదో నెల పడింది" అంటే అవతలివాళ్ళకు ఏమీ అర్థం కాదు. ఎనిమిదో నెల పడిందనుకునే రోజుకీ వెళ్ళిపోతోందనుకునే రోజుకీ నాలుగు వారాల తేడా ఉంటుంది. ఆ నాలుగు వారాల్లో బిడ్డ ఊపిరితిత్తులు ఎంతో మారిపోతాయి.

నెలసరి క్రమం తప్పి వచ్చేవాళ్ళు, తేదీ గుర్తులేనివాళ్ళు 11 నుంచి 13 వారాల మధ్య తీసే మొదటి స్కాన్‌ను అసలు వదలకూడదు. బిడ్డ వయసు బాగా దగ్గరగా చెప్పేది అదే. మీరు చెప్పిన తేదీకీ స్కాన్ చెప్పినదానికీ వారం మించి తేడా ఉంటే డాక్టరు స్కాన్ తేదీనే తీసుకుంటారు. ఒకసారి అలా ఖాయమయ్యాక ఇక మార్చకూడదు. తర్వాత ఏడో నెల స్కాన్‌లో ఇంకో తేదీ కనిపిస్తుంది, దాన్ని చూసి టెన్షన్ పడేవాళ్ళు చాలామంది. ఆ స్కాన్ బిడ్డ సైజు చూసి వేసిన అంచనా అంతే. బిడ్డ చిన్నగా ఉంటే కాన్పు తేదీ ఆలస్యంగా, పెద్దగా ఉంటే తొందరగా చూపిస్తుంది.

ఇక్కడే ఒక పాత మాట సంగతి. "ఏడో నెలలో పుడితే బతుకుతారు, ఎనిమిదో నెలలో పుడితే బతకరు" అని పెద్దవాళ్ళు గట్టిగా చెప్తారు. అది పూర్తిగా తప్పు. కడుపులో గడిచే ప్రతి వారం బిడ్డకు లాభమే. ఈ మాట నమ్మి ఎనిమిదో నెల కాన్పుకు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళడానికి వెనకాడడం, ఏడో నెల కాన్పును ఇంటి దగ్గర తేలిగ్గా తీసుకోవడం రెండూ ప్రమాదమే.

12 వారాల్లోపు పేరు నమోదు, పరీక్షలు

విలేజ్ హెల్త్ క్లినిక్‌లోనో పీహెచ్‌సీలోనో పేరు రాయించుకుంటే తల్లీబిడ్డల కార్డు ఇస్తారు, ఆర్‌సీహెచ్ నంబరు (ప్రభుత్వ రికార్డులో గర్భిణి నమోదు సంఖ్య) వేస్తారు. ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు డాక్టరు పరీక్ష ఉచితం. 2016 నుంచి నడుస్తోంది. ఆ రోజు రద్దీ ఎక్కువ, పొద్దున్నే వెళ్ళండి. కనీసం నాలుగుసార్లు చూపించుకోవాలని మన దేశంలో నియమం, ఎనిమిదిసార్లు మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. నా మాట అడిగితే, ఎన్నిసార్లు వెళ్ళారన్నదాని కంటే వెళ్ళినప్పుడల్లా బీపీ, బరువు, రక్తం, మూత్రం నాలుగూ చూశారా, కార్డులో రాశారా అన్నదే ముఖ్యం. ఖాళీ గడి కనిపిస్తే "సిస్టర్, బీపీ రాయలేదు" అని అడగండి. మొహమాటపడకండి.

మూత్రం పరీక్షను అందరూ తేలిగ్గా తీసుకుంటారు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉంటే మంట ఉండాలనుకుంటాం. గర్భిణుల్లో మంట, జ్వరం ఏమీ లేకుండానే ఇన్‌ఫెక్షన్ ఉండొచ్చు. వదిలేస్తే కిడ్నీల దాకా ఎక్కుతుంది, నొప్పులు ముందే రావడానికి కారణమవుతుంది. సీసాలో పట్టేటప్పుడు ముందుగా నీళ్ళతో శుభ్రం చేసుకుని, మొదటి ధార వదిలేసి, మధ్యలోది పట్టాలి. సీసా లోపల వేలు తగలకూడదు. ఇలా పట్టకపోతే లేని ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టు వస్తుంది. మొదటిసారి వెళ్ళినప్పుడే కల్చర్ పరీక్ష (మూత్రంలో ఏ క్రిములున్నాయో పెంచి చూసేది) చేయించమని అడగండి. యాంటీబయోటిక్ రాస్తే మధ్యలో ఆపకుండా కోర్సు మొత్తం వాడాలి. దుర్వాసనతో తెల్లబట్ట అవుతుంటే అదీ చెప్పాలి. సిగ్గుపడి దాచుకుంటే నష్టం బిడ్డకే.

షుగర్ పరీక్ష మొదటిసారి వెళ్ళినప్పుడు ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మరోసారి. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత చూస్తారు, 140 దాటితే జాగ్రత్త పడాలి. థైరాయిడ్, హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్-బీ, రక్తం గ్రూపు ఎలాగూ చేస్తారు.

మీకు ముప్పు ఎంతో ముందే తెలుసుకోండి

కింద చెప్పినవాటిలో ఏ ఒక్కటి ఉన్నా మొదటిసారి చూపించుకున్నప్పుడే డాక్టరుకు చెప్పి, కార్డు మీద ఎర్ర సిరాతో రాయించుకోండి.

అన్నిటికంటే పెద్దది, ఇంతకుముందు ఒకసారి నెలలు నిండకుండా కాన్పవడం, లేదా నాలుగైదు నెలల్లో గర్భం పోవడం. తర్వాత కవలలు. కాన్పుకూ మళ్ళీ గర్భానికీ మధ్య ఏడాదిన్నర అయినా గ్యాప్ లేకపోవడం. తల్లికి పద్దెనిమిదేళ్ళు కూడా నిండకపోవడం. ఈ ఆఖరుది మన జిల్లాల్లో ఇంకా పోలేదు. పెళ్ళి చిన్న వయసులో చేశారన్న సంగతి బయటపడుతుందని ఆసుపత్రిలో వయసు పెంచి చెప్తారు. డాక్టరుకు నిజం చెప్పండి, ఆమె చూసేది మీ అమ్మాయి ప్రాణాన్నే.

ఉద్దానం వాళ్ళకు విడిగా ఒక మాట. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు సంగతి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. కిడ్నీ బలహీనంగా ఉన్న గర్భిణికి బీపీ పెరగడం, గుర్రపువాతం (బీపీ బాగా పెరిగి ఫిట్స్ దాకా వెళ్ళే జబ్బు), ముందస్తు కాన్పు ఎక్కువ. కాబట్టి మొదటి మూడు నెలల్లోనే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), మూత్రంలో ప్రోటీన్ చూపించుకోండి. గర్భంలో క్రియాటినిన్ మామూలు కంటే తగ్గుతుంది. అందువల్ల ల్యాబ్ కాగితం మీద నార్మల్ అని ఉన్నా, 0.9 దాటితే డాక్టరుకు చూపించాల్సిందే. నడుం నొప్పి అని ఆర్‌ఎంపీ దగ్గరకు వెళ్ళి నొప్పి ఇంజెక్షన్ చేయించుకోవద్దు. డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీకీ, కడుపులో బిడ్డకీ చెడే.

కొండ ఊళ్ళవాళ్ళకు మలేరియా, సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తకణాల జబ్బు) రెండూ చూడాలి. జ్వరం వచ్చిన రోజే రక్తపరీక్ష చేయించాలి.

ఇంతకుముందు గుర్రపువాతం వచ్చినవాళ్ళకు, బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు డాక్టర్లు తక్కువ మోతాదు ఆస్పిరిన్ రాస్తారు. 12 వారాల తర్వాత, 16 వారాల్లోపు మొదలుపెడితేనే దాని ఫలితం బాగుంటుంది. ఆరో నెలలో తీరిగ్గా వెళ్తే ఆ అవకాశం దాటిపోతుంది. సొంతంగా మాత్రం వేసుకోకూడదు.

గర్భసంచి ముఖద్వారం కొలత

18 నుంచి 22 వారాల మధ్య బిడ్డ అవయవాల స్కాన్ తీస్తారు. అప్పుడే గర్భసంచి ముఖద్వారం పొడవు కొలవమని అడగండి, ముఖ్యంగా పైన చెప్పిన ముప్పు ఉన్నవాళ్ళు. సరిగ్గా కొలవాలంటే కింది నుంచి స్కాన్ చేయాలి. చాలామంది ఆడవాళ్ళు ఆ మాట వినగానే వద్దంటారు. బిడ్డకు దానివల్ల ఏ హానీ లేదు, రెండు మూడు నిమిషాల పని. రిపోర్టులో ఆ పొడవు మిల్లీమీటర్లలో ఉంటుంది. 25 కంటే తక్కువుంటే ముఖద్వారం ముందే తెరుచుకునే ప్రమాదం ఉంది. అప్పుడు రోజూ రాత్రి యోనిలో పెట్టుకునే ప్రొజెస్టిరాన్ మాత్రలు ఇస్తారు, కొందరికి కుట్టు వేస్తారు. కుట్టు వేయించుకున్నవాళ్ళకు 36, 37 వారాల్లో తీస్తారు. ఈలోపు నొప్పులొస్తే ఆసుపత్రిలో అడుగుపెట్టగానే చెప్పాల్సిన మొదటి మాట "కుట్టు ఉంది" అని.

చాలా ఇళ్ళల్లో ఈ దశలో "మంచం దిగొద్దు" అనే ఆజ్ఞ వస్తుంది. పూర్తి బెడ్ రెస్ట్ వల్ల ముందస్తు కాన్పు ఆగుతుందని ఇప్పటిదాకా చేసిన పరిశోధనల్లో తేలలేదు. పైగా కాళ్ళల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. మామూలుగా ఇంట్లో తిరగండి, డాక్టరు ప్రత్యేకంగా చెప్తే తప్ప. మానుకోవాల్సింది నీళ్ళ బిందెలు, ధాన్యం బస్తాలు, గంటల తరబడి వంగి నాట్లు వేయడం, జీడి పిక్కల బట్టీల దగ్గర పొగలో కూర్చోవడం, జూట్ మిల్లులో రాత్రి షిఫ్టు. ఎండాకాలం వడగాడ్పుల్లో మధ్యాహ్నం పొలానికి వెళ్ళొద్దు. ఒంట్లో నీరు తగ్గితే గర్భసంచి బిగుసుకోవడం మొదలవుతుంది.

మాత్రలు, తిండి, పొగ

మొదటి మూడు నెలలు ఫోలిక్ యాసిడ్. నాలుగో నెల నుంచి రోజూ ఒక ఎర్ర ఐరన్ మాత్ర, కనీసం 180 రోజులు. కాన్పయ్యాక మరో 180 రోజులు. కాల్షియం రోజుకు రెండు. ఐరన్, కాల్షియం రెండూ కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి పట్టదు, మధ్యలో రెండు గంటల ఎడం ఉండాలి. టీతో అసలే వద్దు, నిమ్మరసంతో వేసుకుంటే మంచిది. సులువైన పద్ధతి: పొద్దున, మధ్యాహ్నం తిన్నాక కాల్షియం, రాత్రి పడుకునే ముందు ఐరన్. విరేచనం నల్లగా అవుతుంది, అది మామూలే. మాత్ర వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందన్నది వట్టి మాట. నాలుగో నెల తర్వాత నులిపురుగుల మాత్ర ఒకటి ఇస్తారు, అదీ వేసుకోవాలి. రక్తం (హిమోగ్లోబిన్) 11 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనత, 7 కంటే తక్కువుంటే ఆసుపత్రిలో చేరాల్సినంత ప్రమాదం. మాత్రలు పడనివాళ్ళకు నరానికి ఎక్కించే ఐరన్ ఉంది, ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే.

తిండి విషయంలో మన అమ్మమ్మల వంటిల్లు బాగానే ఉంది. చోడి (రాగి) అంబలి, మునగాకు పప్పు, తోటకూర, చిన్న చేపల పులుసు, అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు, పాలు. చెడగొట్టేది ఒక్కటే, "ఎక్కువ తింటే బిడ్డ పెద్దదైపోతుంది, కాన్పు కష్టమవుతుంది" అని కోడలి కంచంలో అన్నం తగ్గించడం. అలా తగ్గిస్తే బిడ్డ తక్కువ బరువుతో పుడుతుంది. అంగన్‌వాడీ గుడ్లు ఇల్లంతా పంచుకోవడం కూడా చూస్తుంటాం. అవి గర్భిణికే.

ఇక చుట్ట. మన తీర గ్రామాల్లో పెద్దామె చుట్ట వెలిగించి నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూనే వంట పని చేసుకోవడం ఇప్పటికీ ఉంది. ఇప్పటి అమ్మాయిలు తాగకపోవచ్చు. కానీ తలుపులేసిన గదిలో ఆ పొగంతా పక్కనున్న కోడలు పీల్చేదే. అత్తగారికి మానమని చెప్పే ధైర్యం కోడలికి ఉండదు. ఆ మాట కొడుకు చెప్పాలి, కనీసం వీధి అరుగు మీదకు పంపాలి. గుట్కా, ఖైనీ, సారా ఏ రూపంలోనూ వద్దు.

పుట్టింటికి వెళ్ళేటప్పుడు

మొదటి కాన్పుకు పుట్టింటికి వెళ్తారు. హైదరాబాద్‌లోనో చెన్నైలోనో పనిచేసుకుంటున్నవాళ్ళు సీమంతం చేసుకుని తొమ్మిదో నెలలో రైలెక్కుతారు. ఈ మారే సమయంలోనే గర్భిణి ఎవరి లెక్కలోనూ లేకుండా పోతుంది. అక్కడి ఆశాకు "వెళ్ళిపోయింది", ఇక్కడి ఆశాకు "ఇంకా రాలేదు". ముప్పు ఉన్నవాళ్ళు డాక్టరును అడిగి 28, 30 వారాల మధ్యే వచ్చేయడం మేలు. వచ్చిన వారంలోనే పుట్టింటి ఊరి ఏఎన్ఎమ్‌ను కలిసి అదే ఆర్‌సీహెచ్ నంబరుతో పేరు రాయించుకోండి. కార్డు, స్కాన్ రిపోర్టులు సూట్‌కేసులో కాదు, చేతి సంచిలో ఉండాలి. వాటిని ఫొటో తీసి అమ్మ ఫోనులోనూ భర్త ఫోనులోనూ పెట్టండి.

మత్స్యకార కుటుంబాల్లో ఇంకో సమస్య. మగవాళ్ళు గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీద నెలల తరబడి ఉంటారు, ఫోను అందదు. "ఆయన్ని అడిగి చెప్తాం" అంటూ కూర్చుంటే పుణ్యకాలం గడిచిపోతుంది. వెళ్ళేముందే మాట అనుకోండి: ఆసుపత్రికి ఎవరు తోడు వెళ్తారు, సంతకం ఎవరు పెడతారు, డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది.

ఆసుపత్రిని ముందే ఎంచుకోండి

28 వారాల గుర్తు వచ్చేసరికి ఈ పని అయిపోవాలి. కాన్పు చేయడం వేరు, 31 వారాల బిడ్డను బతికించడం వేరు. మీరు అనుకున్న ఆసుపత్రిలో, ప్రైవేటైనా సరే, మూడు ప్రశ్నలు అడగండి. నవజాత శిశువుల ప్రత్యేక వార్డు ఉందా? బిడ్డకు ఊపిరాడకపోతే పెట్టే సీప్యాప్ గానీ వెంటిలేటర్ గానీ ఉందా? రాత్రిపూట పిల్లల డాక్టరు ఉంటారా? మూడింట్లో ఏది లేకపోయినా, 34 వారాల్లోపు నొప్పులొస్తే అక్కడ ఆగకూడదు.

ప్రభుత్వం వైపు చూస్తే శ్రీకాకుళంలో అందరూ ఇంకా రిమ్స్ అనే పిలిచే ప్రభుత్వ సర్వజనాసుపత్రి, విజయనగరంలో ఘోషాసుపత్రి, ఇంకా పెద్ద అవసరమైతే విశాఖ కేజీహెచ్. ఇచ్ఛాపురం వాళ్ళకు శ్రీకాకుళం కంటే బరంపురం దగ్గర, అక్కడ ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది. శ్రీకాకుళం నుంచి విశాఖకు 110 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఆ దూరం బిడ్డ అంబులెన్సులో పెట్టెలో వెళ్ళే కంటే తల్లి కడుపులో వెళ్ళడమే క్షేమం. కడుపుకు మించిన ఇంక్యుబేటర్ ఇంకా ఎవరూ తయారు చేయలేదు. పుట్టాక పంపుదాంలే అనుకోవద్దని చెప్పేది అందుకే.

కొండ మీద ఊరైతే, డోలీ కట్టి దిగాల్సిన దారైతే, కాన్పు తేదీకి కనీసం నెల ముందే కిందికి వచ్చేయాలి. ముప్పు ఉంటే ఇంకా ముందు. సాలూరులో గర్భిణుల కోసం వసతి గృహం ఉన్నది ఇందుకే.

ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, భోజనం అన్నీ ఉచితం. ఏడాది లోపు బిడ్డకు జబ్బు చేసినా వైద్యం ఉచితమే. ప్రైవేటుకు వెళ్ళాల్సి వస్తే ఎన్టీఆర్ వైద్య సేవ (ప్రభుత్వ ఉచిత వైద్య పథకం) వర్తిస్తుందో లేదో చేర్చుకునే ముందే ఆసుపత్రిలో ఆ పథకం పని చూసే ఆరోగ్యమిత్రను అడగండి, తర్వాత కాదు.

గుర్తులు: ఇవి కనిపిస్తే ఆగొద్దు

ముందస్తు నొప్పులు సినిమాల్లోలా కేకలతో మొదలుకావు. పొట్ట రాయిలా బిగుసుకుని వదులుతుంది. నెలసరి ముందు వచ్చేలాంటి పట్టు, నడుం కింద లాగుడు, కిందికి బరువు దిగినట్టు ఉండటం, విరేచనం వచ్చేలా కడుపులో మెలితిప్పడం. తెల్లబట్ట ఉన్నట్టుండి ఎక్కువై నీళ్ళగానో, జిగురుగానో, కొద్దిగా రక్తం కలిసో రావడం. "గ్యాస్ అయ్యుంటుంది", "వేడి చేసింది" అని వాము నీళ్ళు తాగించి పడుకోబెట్టేది సరిగ్గా ఈ గంటల్లోనే.

37 వారాల్లోపు ఇలా అనిపిస్తే మూత్రానికి వెళ్ళి రండి, రెండు గ్లాసుల నీళ్ళు తాగండి, ఎడమ వైపు తిరిగి పడుకోండి. అరచెయ్యి పొట్ట మీద పెట్టి, బిగుసుకున్నప్పుడల్లా టైము రాయండి. పది నిమిషాలకొకసారి చొప్పున వస్తుంటే, లేదా గంటైనా తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి.

ఆ గంట కూడా ఆగకూడని సందర్భాలు ఉన్నాయి. ఉమ్మనీరు పోవడం, రక్తం పడటం, జ్వరం, బిడ్డ కదలిక తగ్గడం, తగ్గని తలనొప్పి, కళ్ళు మసకలు, డొక్కల మధ్య నొప్పి, ముఖం వాపు, ఫిట్స్. ఉమ్మనీరా మూత్రమా అని అనుమానమైతే శుభ్రమైన తెల్ల గుడ్డ పెట్టుకోండి. మూత్రమైతే వాసన తెలుస్తుంది. ఉమ్మనీరు ఆపుకుందామన్నా ఆగదు, కదిలినప్పుడల్లా తడుస్తూనే ఉంటుంది. మొదట ఎన్ని గంటలకు పోయిందో రాసుకుని, ఆ గుడ్డ పారేయకుండా డాక్టరుకు చూపించండి.

దారిలో ఎవరితోనూ నొప్పులు పెరిగే ఇంజెక్షన్ గానీ, తగ్గే ఇంజెక్షన్ గానీ చేయించుకోవద్దు. ఇంట్లో లోపల చెయ్యి పెట్టి చూడనివ్వొద్దు.

ఆసుపత్రిలో అడగాల్సిన ఇంజెక్షన్

24 నుంచి 34 వారాల మధ్య కాన్పు వచ్చేలా ఉంటే తల్లికి డెక్సామెథసోన్ ఇస్తారు. 6 మిల్లీగ్రాములు, 12 గంటలకొకటి చొప్పున నాలుగు. ఇది తల్లి కోసం కాదు, బిడ్డ ఊపిరితిత్తులు తెరుచుకోవడానికి. మందు చవక. పూర్తి ఫలితానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, అందుకే నొప్పులను 48 గంటలపాటు వెనక్కి నెట్టడానికి వేరే మాత్రలు ఇస్తారు. నొప్పులను నెలల తరబడి ఆపే మందు లేదు. ఆ రెండు రోజులు సంపాదించడమే పని. పెద్దాసుపత్రికి పంపేముందు మొదటి డోసు ఏఎన్ఎమ్ కూడా ఇవ్వొచ్చని కేంద్ర ప్రభుత్వం 2014లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. కాబట్టి పీహెచ్‌సీలో రిఫర్ చేసేటప్పుడు "బిడ్డ ఊపిరితిత్తుల ఇంజెక్షన్ ఇచ్చారా సిస్టర్?" అని అడగండి. ఇస్తే ఏ మందు, ఎన్ని గంటలకు అన్నది రిఫరల్ చీటీ మీద రాయించుకోండి. రాయకపోతే అక్కడివాళ్ళకు లెక్క తెలియదు.

32 వారాల్లోపైతే మెగ్నీషియం సల్ఫేట్ కూడా ఇస్తారు, బిడ్డ మెదడుకు రక్షణగా. అది ఎక్కుతున్నప్పుడు ఒళ్ళు వేడెక్కినట్టు ఉంటుంది, భయపడొద్దు. ఉమ్మనీరు పోయినవాళ్ళకు యాంటీబయోటిక్ ఇస్తారు.

ముహూర్తం సంగతి

మనం చేజేతులా తెచ్చుకునే ముందస్తు కాన్పు ఒకటుంది. ఆపరేషన్ ఎలాగూ తప్పదన్నప్పుడు పంతులుగారి దగ్గర ముహూర్తం పెట్టించడం, అమావాస్య అనో మూలా నక్షత్రం అనో ఆపరేషన్‌ను రెండు వారాలు ముందుకు జరపడం. వైద్య కారణం లేకుండా 39 వారాల లోపు ఆపరేషన్ చేయకూడదు. 37 వారాలకే తీసిన బిడ్డ చూడటానికి బాగానే ఉంటుంది. కానీ ఆయాసం, కామెర్లు, పాలు సరిగా తాగకపోవడం వాళ్ళలో ఎక్కువ. ముహూర్తం మీద నమ్మకం ఉంటే ఉండనివ్వండి, 39 నిండిన తర్వాతి రోజుల్లో వెతకమనండి. బీపీ వల్లో, బిడ్డకు రక్తం అందకో డాక్టరు ముందే తీయాలంటే అది వేరు. అప్పుడు ముహూర్తం కోసం ఒక్క పూట కూడా ఆగొద్దు.

బిడ్డ ముందే పుట్టేసింది, ఇప్పుడు?

నెలలు నిండని బిడ్డకు మొదటి శత్రువు చలి. డాక్టరు సరేనన్న వెంటనే బిడ్డను తల్లి రొమ్ముల మధ్య, చర్మానికి చర్మం తగిలేలా నిలువుగా పెట్టి, పైన గుడ్డ కట్టాలి. కంగారూ పద్ధతి అంటారు. టోపీ, సాక్సులు, లంగోటీ తప్ప బిడ్డకు బట్టలుండవు. రోజుకు ఎన్ని గంటలు వీలైతే అన్ని గంటలు. తల్లి అలిసిపోతే తండ్రి, అమ్మమ్మ, ఎవరైనా పెట్టుకోవచ్చు. పుట్టిన వెంటనే ఇది మొదలుపెడితే మరణాలు నాలుగోవంతు తగ్గాయని 2021లో వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధనలో తేలింది. అందులో మన దేశపు ఆసుపత్రి కూడా పాల్గొంది.

ముర్రుపాలు ఒక్క చుక్క కూడా పారేయొద్దు. బిడ్డకు చప్పరించే శక్తి లేకపోతే చేత్తో పిండి ట్యూబు ద్వారానో, ఉగ్గుగిన్నెతోనో పట్టిస్తారు. పాలసీసా వద్దు. రెండు మూడు గంటలకొకసారి, రాత్రిళ్ళు కూడా పిండితేనే పాలు నిలుస్తాయి. బాలింత అని పథ్యం పెట్టి నీళ్ళు, కూరలు తగ్గించొద్దు.

ఇంటికొచ్చాక పెద్దవాళ్ళతో కాస్త పోరు తప్పదు. ఆముదం ఉగ్గు వద్దు, తేనె వద్దు, నూనె రాసి నలుగు పెట్టి వేడినీళ్ళు పోయడం బరువు పెరిగేదాకా వద్దు, సాంబ్రాణి పొగ అసలే వద్దు. ఆ చిన్న ఊపిరితిత్తులకు సాంబ్రాణి పొగా చుట్ట పొగా ఒకటే. చూడటానికి వచ్చేవాళ్ళను గుమ్మం దగ్గరే ఆపి చేతులు కడిగించండి. ఆశా 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి, రాకపోతే ఫోన్ చేయండి. బిడ్డ పాలు మానేసినా, అరికాళ్ళు చల్లబడినా, నిమిషానికి 60 కంటే ఎక్కువసార్లు ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పచ్చదనం అరచేతులు, అరికాళ్ళ దాకా వచ్చినా వెంటనే ఆసుపత్రికి. టీకాలు పుట్టిన తేదీ లెక్కనే వేయించాలి, కాన్పు తేదీ లెక్కన కాదు.

చాలామంది వదిలేసేది కళ్ళ పరీక్ష. 34 వారాల్లోపు పుట్టినా, 2 కిలోల కంటే తక్కువున్నా బిడ్డ కంటి వెనకపొరలో రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరిగి చూపు పోయే ప్రమాదం ఉంది. బయటికి కళ్ళు మామూలుగానే కనిపిస్తాయి. పుట్టిన 30 రోజుల్లోపు, 28 వారాల్లోపు పుట్టిన మరీ చిన్న బిడ్డలైతే 20 రోజుల్లోపే, కంటి డాక్టరు రెటీనా చూడాలి. సమయానికి పట్టుకుంటే లేజర్‌తోనో ఇంజెక్షన్‌తోనో చూపు నిలుస్తుంది. ఆ తేదీ, వెళ్ళాల్సిన చోటు డిశ్చార్జి కాగితం మీద ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే ఇంటికి దింపే తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బండి ఎక్కే ముందే వెనక్కి వెళ్ళి రాయించుకోండి. వినికిడి పరీక్ష ఎప్పుడో కూడా అప్పుడే అడగండి.